అట్ట మీది బొమ్మ

మా చిన్నప్పుడు తెనాలిలో ఎవరింటికి వెళ్ళినా గోడ మీద కనిపించేవి రెండే: కొట్టువాళ్ళిచ్చిన దేవుడి క్యాలెండరు, పోయిన తాతగారి ఫోటో. ఒకదానికి దండం, ఒకదానికి దండ. ఆ రెండు పనులూ లేకుండా ఊరికే కళ్ళారా చూసుకోవడానికి ఇంట్లోకి వచ్చిన బొమ్మ ఏదన్నా ఉందంటే అది పత్రిక అట్ట మీది బొమ్మే. వారానికి ఒకటో రెండో, నెలకు ఇంకో మూడో నాలుగో వచ్చేవి. ఆర్ట్ గ్యాలరీ అనేది ఒకటుంటుందని మా వీధిలో ఎవరికీ తెలియదు. కానీ వడ్డాది పాపయ్యగారి బొమ్మ ఏదో, బాపుగారి బొమ్మ ఏదో ఆరో తరగతి పిల్లలు కూడా దూరం నుంచే చెప్పేవాళ్ళు. సంతకం వెతుక్కునే అవసరం ఎవరికీ రాలేదు.

ఆ పత్రికలను నేను పెద్దయ్యాక మళ్ళీ ఏరుకొచ్చి దాచుకుంటున్నాను. చాలా ఏళ్ళుగా ఇదే నా వ్యాపకం. నా దగ్గరున్నవి ఎక్కువగా 1950ల నుంచి 1980ల దాకా వచ్చినవి: ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి వారపత్రికలు, యువ, జ్యోతి, చందమామ, మరికొన్ని చిల్లర పత్రికలు. ఆంధ్రప్రభ వారపత్రిక 1952లో వచ్చింది. ఆంధ్రజ్యోతి వీక్లీ 1967లో. మధ్యలో 1963లో జ్యోతి. 1960లు, 70ల్లో తెలుగు మధ్యతరగతి ఇల్లు ఎలా నడిచిందో తెలుసుకోవాలంటే నేను ముందు వీటినే తెరుస్తాను.

మద్రాసు నుంచి వచ్చే పత్రికలు రైల్లో పార్సిలుగా దిగేవి. మాది జంక్షను కనుక మాకు ముందు దిగేవి, రేపల్లె వైపు వాళ్ళకు ఆ తర్వాతే. ఏజెంటుగారు కట్ట విప్పి, ఒక్కో కాపీ మీద కుడివైపు పై మూలన పెన్సిలుతో ఇంటిపేరు రాసి, సైకిలు మీద బయల్దేరేవారు. ఆ పెన్సిలు రాత ఇవాళ నా దగ్గరున్న చాలా అట్టల మీద ఇంకా ఉంది. కొన్నిటి మీద అద్దె లైబ్రరీ రబ్బరు ముద్ర, దాని కింద వరస నంబరు. ఒక యువ సంచిక మీద ఎవరో ఆవిడ చాకలిపద్దు రాసుకుంది: చీరలు, లంగాలు, దుప్పట్లు, ఎదురుగా అంకెలు. ఇలాంటి మరకలూ రాతలూ ఉన్న కాపీకి బజారులో ధర తగ్గుతుంది. నేను మాత్రం శుభ్రమైన కాపీ, పెన్సిలు పేరున్న కాపీ పక్కపక్కన ఉంటే రెండోదే తీసుకుంటాను.

ఇంట్లో పత్రిక చదవడానికి వంతులుండేవి. నాన్న సంపాదకీయం తిరగేసి పక్కన పెట్టేవారు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక అమ్మ చేతికి వచ్చేది. మాలతీ చందూర్‌గారి ప్రమదావనం శీర్షిక, ఆ తర్వాత సీరియలు. నాలుగింటికల్లా గోడవతల నుంచి "చదివేశారా పిన్నిగారూ?" అని కేక. సాయంత్రానికి పత్రిక వీధి దాటిపోయేది, రెండు మూడు రోజులకు నలిగి తిరిగొచ్చేది. అట్టకు మాత్రం వంతు లేదు. వచ్చిన నిమిషం నుంచీ అది అందరిదీ. అమ్మా పక్కింటి పిన్నిగారూ అట్ట మీది అమ్మాయి జాకెట్టు చేతుల మీద కుచ్చు ఎలా వచ్చిందో, మెడలో ఉన్నది కాసులపేరా గుళ్ళపేరా అని చాలాసేపు మాట్లాడుకునేవాళ్ళు. మా పెద్దక్క కార్బన్ కాగితం పెట్టి ఆ బొమ్మను తలగడ గలీబు మీదకు ఎక్కించి, రంగు దారాలతో కుట్టింది. అక్క పెళ్ళికి వెళ్ళిన సామానులో ఆ గలీబులూ ఉన్నాయి.

వడ్డాది పాపయ్యగారు (వపా) 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. తండ్రి డ్రాయింగు మాస్టారు. అనకాపల్లి పక్కన కశింకోటలో ఉండి, బొమ్మ వేసి పోస్టులో పంపేవారు. సభలకు, సన్మానాలకు దూరం. తెలుగుదేశంలో అందరికంటే ఎక్కువ ఇళ్ళలోకి వెళ్ళిన చిత్రకారుడి ముఖం ఎలా ఉంటుందో ఆ ఇళ్ళలో చాలామందికి తెలియదు. చక్రపాణిగారి యువ అట్టల మీద ఋతువులు, రాగాలు, పండుగలు, కావ్యనాయికలు ఆయన చేతిలో రూపం కట్టాయి. మనిషి బొమ్మ అట్ట నిండా ఉంటుంది. వెనక ఉన్న చెట్టో, చెరువో, గుడిగోపురమో రంగు నీళ్ళలో సగం కరిగి కనిపిస్తుంది. ముఖం కంటే ముందు నా కళ్ళు చేతుల మీదకు పోతాయి. ఏ వస్తువు పట్టుకున్నా ఆ వేళ్ళు దాని బరువు తెలిసినట్టే పట్టుకుంటాయి. యువ దీపావళి సంచిక లావుగా వచ్చేది. లోపల కూడా ఆయన రంగుల బొమ్మలుండేవి. పండక్కి కొత్తబట్టలతో పాటు దాని కోసమూ ఎదురుచూసేవాళ్ళం.

బాపుగారిది పూర్తిగా వేరే దారి. ఆయన గీతను నమ్ముకున్నారు. తక్కువ గీతలు, చదునైన రంగు, ఖాళీగా వదిలేసిన చోటు. పుట్టింది 1933లో, నరసాపురంలో. మొదట అచ్చయిన బొమ్మ రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారి 'బాల' పత్రికలో. ఆంధ్రపత్రిక వారపత్రికకు వేసిన కార్టూన్లు, 1956లో ముళ్ళపూడి వారి బుడుగుకు వేసిన బొమ్మలు ఆయనను ప్రతి ఇంటికీ దగ్గర చేశాయి.

ఈ ఇద్దరి తేడాలో కొంత అచ్చు యంత్రానిది కూడా. వపాగారి నీటిరంగుల మెలకువ అట్ట మీదకు రావాలంటే హాఫ్‌టోన్ బ్లాకులు కావాలి: పసుపుకొకటి, ఎరుపుకొకటి, నీలానికొకటి, ముదురుకోసం నలుపుకొకటి. ఒక్కో రంగుకు కాగితం మళ్ళీ యంత్రంలోకి వెళ్ళాలి. కాగితం నునుపుగా ఉండాలి, లేకపోతే చుక్కలు పీల్చుకుపోయి బొమ్మ మసకబారుతుంది. ఖర్చూ ఎక్కువే, వ్యవధీ ఎక్కువే. అందుకే అలాంటి అట్ట మాసపత్రికకు, పండుగ సంచికకు బాగా కుదిరింది. బాపుగారి గీత మామూలు లైను బ్లాకులో, నాసిరకం న్యూస్‌ప్రింటు మీద కూడా చెక్కుచెదరదు. వారం వారం పరుగుమీద అచ్చయ్యే పత్రికకు అంతకంటే ఏం కావాలి? నా దగ్గరున్న ఒక అట్టలో ఎరుపు బ్లాకు పక్కకు జరిగింది. ఆ అమ్మాయి బొట్టు కనుబొమ్మ మీదకు వచ్చింది, పెదవుల ఎరుపు బుగ్గ అంచున పడింది. భూతద్దం పెట్టి చూస్తే మూడు రంగుల చుక్కలు ఎక్కడ ఒకదాని మీద ఒకటి పడ్డాయో, ఎక్కడ తప్పాయో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ఒక్క కాగితం చూపించి పిల్లలకు రంగుల అచ్చు మొత్తం చెప్పొచ్చు. చెప్పాను కూడా.

ఇక చందమామ. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టారు. చక్రపాణిగారిది మా ఐతానగరం. 1952 నుంచి 1980లో పోయేదాకా పత్రికను నడిపిన కొడవటిగంటి కుటుంబరావుగారిదీ తెనాలే. కనుక చందమామ మద్రాసులో అచ్చయినా, అది మా ఊరి పత్రికే అన్న ధీమా మాకుండేది. పేజీ పేజీకీ బొమ్మ ఉండాలన్నది దాని పద్ధతి. దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియళ్ళకు చిత్రగారు రాక్షసులను, కోటలను, రెక్కల గుర్రాలను గీస్తే, భుజాన శవం, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుణ్ణి శంకర్‌గారు గీశారు. ఆ శ్మశానం బొమ్మ చూస్తూ నిద్రపోయిన తరాలున్నాయి. శంకర్‌గారు 2020 దాకా ఉన్నారు. అట్టల మీద వపాగారి పురాణ ఘట్టాలు. అదే బొమ్మ తమిళంలో అంబులిమామా మీద, మరాఠీలో చాందోబా మీద కూడా వచ్చేది. దొరికినప్పుడు అవి కూడా కొంటాను. భాష మారి బొమ్మ మారకపోవడం చూస్తే, మహారాష్ట్రలో ఏదో ఊళ్ళో నా ఈడు అమ్మాయి అదే నెలలో అదే భీముణ్ణి చూసిందన్న సంగతి చేతికి తగులుతుంది.

ఇంత ఇష్టంగా చూసిన అట్టలు ఆ తర్వాత ఏమయ్యాయి? ఈ ప్రశ్నే నన్ను పత్రికల వెంట తిప్పింది. అవి పోయినదాంట్లో చాలా భాగం ప్రేమతోనే పోయింది. అమ్మ తరం ఆడవాళ్ళు సీరియలు పేజీలను వారం వారం చింపి దాచి, అయిపోగానే బైండు చేయించుకునేవాళ్ళు. నవల పుస్తకంగా రావడానికి ముందే ఇంట్లో పుస్తకం తయారయ్యేది. యద్దనపూడి సులోచనారాణిగారి సెక్రటరీ జ్యోతిలో వచ్చినప్పుడు అమ్మ నెలనెలా పేజీలు తీసి ట్రంకు పెట్టెలో పట్టుచీర కింద పెట్టింది. అంతా అయ్యాక బోసు రోడ్డు పక్క సందులో ఉండే బైండింగు తాత దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది.

తాత అరుగు మీద కూచుని పనిచేసేవాడు. పక్కన మూకుడులో ఉడకబెట్టిన మైదా జిగురు, అందులో పురుగు పట్టకుండా కలిపిన మైలుతుత్తం. ఆ నీలపు రంగు చూసి నేను వేలు పెట్టబోతే, "ముట్టుకోబాకమ్మాయ్, విషం" అన్నాడు. పేజీల అంచులకున్న పిన్నులు పీకాడు. తుప్పు పట్టిన చోట కాగితం రాలిపోతే సన్నటి కాగితం ముక్క అంటించాడు. పేజీలు వరస చూసి, గుప్పెడు గుప్పెడుగా దబ్బనంతో పొడిచి, మైనం రాసిన దారంతో కుట్టాడు.

"అట్టలేం చేయమంటారమ్మా?" అని అడిగాడు. ఆ నెలల జ్యోతులన్నీ అమ్మ సంచీలో ఉన్నాయి.

"సీరియలు ఒక్కటే కుట్టు తాతా. అన్నీ పెడితే లావైపోతుంది, ఒళ్ళో పెట్టుకుని చదవలేం."

అమ్మ మాటలో న్యాయం ఉంది. ఆ పుస్తకం ఆమె ఒళ్ళో ఎన్నిసార్లు తెరుచుకుందో నేను చూశాను, మా వీధి ఆడవాళ్ళందరి ఒళ్ళో కూడా. తాత ఆ అట్టలను పారెయ్యలేదు. నిలువుగా కోసి, పుస్తకం వీపుకు లోపలి అస్తరుగా వాడాడు. అమ్మ పోయాక ఆ బైండు నా దగ్గరికి వచ్చింది. కాలికో గుడ్డ వదులై వీపు ఊడినప్పుడు కింద నుంచి ఒక కన్ను, సగం జడ, నాలుగు మల్లెలు కనిపించాయి. జిగురు ఇంకా నీలంగానే ఉంది, పురుగు ముట్టలేదు. దాన్ని ఊడదీసి మిగతా ముక్కలు కలపొచ్చని ఒక మిత్రుడన్నాడు. నాకు మనసొప్పలేదు. అట్ట ముక్కగానైనా అమ్మ పుస్తకాన్ని నిలబెట్టింది. దాని చోటు అక్కడే.

మిగిలిన అట్టలు పిల్లలమైన మా చేతుల్లో అరిగిపోయాయి. బడి తెరిచే జూన్‌లో నోటుపుస్తకాలకు అట్టలు వేసుకోవాలి. బొమ్మ పైకి వచ్చేటట్టు వేస్తే పంతులమ్మ కోప్పడుతుంది, అందుకని లోపలికి. ఏడాదంతా లెక్కల పుస్తకం లోపల ఒక శకుంతలో రాధో దాగి ఉండేది. చందమామలో కేమెల్ రంగుల పోటీ వస్తే ఆ పేజీని కత్తిరించి రంగులు వేసి పంపేవాళ్ళం. ఇప్పుడు చందమామలు సేకరించేవాళ్ళు మొదట చూసేది ఆ పేజీ ఉందా లేదా అనే. చతురస్రంగా కత్తెర పడ్డ చోటు కనిపిస్తే నాకు మాత్రం ఆ పిల్లకు బహుమతి వచ్చిందో లేదోనన్న ఆలోచనే ముందు వస్తుంది. ఇక ఏ దారీ లేని పత్రికలు చిత్తుకాగితాలవాడి తక్కెడలోకి, అక్కడి నుంచి కొట్లో పొట్లాల్లోకి వెళ్ళేవి.

నేను కొనడం మొదలుపెట్టింది మద్రాసులో చదువుకునేటప్పుడు, మూర్ మార్కెట్టులో. ఎర్రటి పాత కట్టడం, లోపల వరసగా పాత పుస్తకాల కొట్లు. తమిళ, ఇంగ్లీషు పత్రికల గుట్టల అడుగున తెలుగువి ఉండేవి, మద్రాసు తెలుగు ఇళ్ళు ఖాళీ చేసినప్పుడు వచ్చినవి. భారతి మాసపత్రిక సంచికలు కూడా అక్కడే మొదటిసారి చేతికందాయి. 1985 మే 30న మూర్ మార్కెట్టు కాలిపోయింది. ఆ మంటల్లో తెలుగు కాగితం ఎంత పోయిందో లెక్క కట్టినవాళ్ళు లేరు. ఆ తర్వాత విజయవాడ లెనిన్ సెంటరు, హైదరాబాదుకు వచ్చాక ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్.

ఆబిడ్స్‌లో ఈమధ్య ఒక దృశ్యం చూసి మనసు చివుక్కుమంది. బాగా తెలిసిన అమ్మకందారే, యువ సంచికల అట్టలు బ్లేడుతో విడదీసి ప్లాస్టిక్ కవర్లలో పెడుతున్నాడు.

"అట్టా పుస్తకం కలిపే ఇవ్వు బాబూ, నువ్వు చెప్పిన ధరే ఇస్తాను" అన్నాను.

"ఫ్రేము కట్టించుకునెటోళ్ళు అట్ట ఒక్కటే అడుగుతున్నరమ్మా. లోపలి పేజీలు ఎవరికి గావాలె?"

అతని తప్పు లేదు, అడిగేవాళ్ళుంటే అమ్ముతాడు. అడిగేవాళ్ళతోనే నాకు పేచీ. అట్టను విడదీశాక అది ఏ నెలదో, ఏ సంవత్సరానిదో చాలాసార్లు తెలియదు, ఎందుకంటే ఆ వివరాలు తరచు లోపలి పేజీలోనే ఉంటాయి. చిత్రకారుడి పేరు కూడా విషయసూచిక కిందే ఉండొచ్చు. సంతకం అంచులో ఉంటే ఫ్రేము చట్రం కింద పడిపోతుంది. నా చేతికి ఇలా విడిగా వచ్చిన అట్టల కాలం పట్టుకోవడానికి నేను వెల చూస్తాను. అణాల్లో ఉంటే దాదాపుగా 1957 ఏప్రిల్‌కు ముందుది. నయాపైసలని ఉంటే 1957కూ 1964కూ మధ్యది. ఉత్త పైసలైతే ఆ తర్వాతది. వెనక ప్రకటన సాయం చేస్తుంది: లక్స్ సబ్బు పట్టుకున్న తార ఎవరో చూస్తే ఐదారేళ్ళ లోపుకు వచ్చేయొచ్చు. ఫ్రేములో బిగిస్తే ఆ వెనక వైపు గోడకు తిరుగుతుంది, ఇక దాన్ని ఎవరూ చదవరు. పైగా ఎండా ట్యూబులైటూ తగిలి ఎరుపు ముందు వెలిసిపోతుంది. కొన్నేళ్ళకు గోడ మీద మిగిలేది నీలిరంగు మనిషి.

దాచుకునే పద్ధతి గురించి నన్ను చాలామంది అడుగుతారు. లామినేషన్ వద్దు, సెల్లోటేపు అసలే వద్దు. ఆ జిగురు పసుపుపచ్చగా మారి కాగితంలోకి దిగుతుంది, ఇక వదలదు. తుప్పు పిన్నులు తీసేసి నూలు దారంతో రెండు కుట్లు వెయ్యండి. నిలబెట్టకుండా పడుకోబెట్టండి. కలరా ఉండలు కాగితానికి తగలకుండా గుడ్డలో కట్టి పక్కన పెట్టండి. న్యూస్‌ప్రింటు చెక్కగుజ్జు కాగితం, దానిలోని ఆమ్లమే దాన్ని తింటుంది. దాన్ని ఆపలేం, నెమ్మది చెయ్యగలం. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలై పాత పత్రికలను ఎంత ఓపికగా కాపాడుకొచ్చిందో ఒకసారి వెళ్ళి చూడండి. అక్కడి బైండు సంపుటాలు తిరగేస్తుంటే ఒక ఊరి పట్టుదల ఏపాటిదో తెలుస్తుంది. ఇళ్ళలో ఉన్నవాటికి అలాంటి దిక్కు లేదు.

బొమ్మల అట్టలు ఒక్క రోజులో పోలేదు. 1970లు, 80ల్లో రంగుల ఫోటో అచ్చు సులువయ్యేకొద్దీ అట్టల మీదకు సినిమా తారలు వచ్చారు. తర్వాత టీవీ వచ్చి మధ్యాహ్నాలను పట్టుకుపోయింది. ఆంధ్రపత్రిక, భారతి 1991లో ఆగిపోయాయి. ఆ మరుసటి ఏడాది చివర్లో పాపయ్యగారు వెళ్ళిపోయారు, 2014లో బాపుగారు. చందమామ 2013 నాటికి అంగళ్ళలో కనిపించకుండా పోయింది. నాకు వీటన్నిటికంటే ఎక్కువ లోటనిపించేది ఆ వంతులు. ఒక బొమ్మను ఒక వీధి మొత్తం ఒకే వారంలో చూసి, దాని గురించే మాట్లాడుకోవడం ఇప్పుడు ఎక్కడా లేదు. ఎవరి ఫోనులో ఎవరి బొమ్మ వాళ్ళది.

నా దగ్గర లేనివి ఇంకా చాలా ఉన్నాయి. జ్యోతి తొలి సంచిక లేదు. యువ దీపావళి సంచికల్లో సగానికి పైగా అట్టలు లేనివే. 'బాల' చిరిగినవి నాలుగైదు తప్ప దొరకలేదు. మా చిన్నాన్నగారి అల్లుడు మొన్న రేపల్లె నుంచి ఫోను చేశాడు, వాళ్ళ పాత ఇల్లు పడగొడుతున్నారట, అటక మీద రెండు ట్రంకు పెట్టెల నిండా వారపత్రికలున్నాయట. వచ్చే ఆదివారం బయల్దేరుతున్నాను. ఈలోగా పెట్టెలు ఎండలో పెట్టొద్దని, పిల్లలకు కత్తెర అందనివ్వొద్దని, పేర్లూ ముద్రలూ ఉన్న కాపీలు పాడైనవనుకుని పక్కన పారెయ్యొద్దని మరీ మరీ చెప్పాను.